మైకు మూగబోయిన కాలం

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, అది ఉద్యోగపు కాగితాల్లో తప్ప ఎక్కడా చెలామణిలో లేదు. బస్టాండులో, వీధిలో, ఆఖరికి సొంత ఇంట్లో కూడా ఆయన్ను అందరూ మైకు అనే పిలిచేవారు. బస్టాండు నడిమధ్య అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది ఆలస్యమో, ఏది అసలు రాదో చెప్పడం ఆయన పని. మీసం సరిగ్గా మొలవని వయసులో ఆ గదిలో కూర్చున్నవాడు తల నెరిసేదాకా లేవలేదు.

గొంతంటే ఆయనదే గొంతు. బెంచీల మీద నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్ళు కూడా తమ ఊరి పేరు వినబడగానే, కళ్ళు పూర్తిగా తెరవకుండానే సంచి భుజాన వేసుకుని సరైన బస్సు దగ్గరికి నడిచిపోతారని డ్రైవర్లు చెప్పుకునేవారు. బస్సుల సంగతి చెప్పి ఊరుకుంటే ఆయన మైకు ఎందుకవుతాడు? అద్దంలోంచి కనబడే లోకాన్నంతా ఒక కంట కనిపెట్టి ఉండేవాడు. స్తంభం పక్కన అరటిపండు తిన్న పెద్దమనిషిని, తొక్క తనంతట తాను లేచి చెత్తడబ్బాలోకి వెళ్ళదని హెచ్చరించేవాడు. గొడుగు మరిచిపోయి వెళ్తున్నావిడను చీర రంగు చెప్పి మరీ వెనక్కి పిలిచేవాడు. ఆ బస్టాండులో పోగొట్టుకున్న వస్తువుల గది ఎప్పుడూ ఖాళీగానే ఉండేదట.

ఇంటికొచ్చాక కూడా ఆ గొంతుకు తాళం పడేది కాదు. స్నానానికి వెళ్తున్నట్టు ఒక ప్రకటన, వచ్చినట్టు ఇంకొకటి. కూరలో ఉప్పు తక్కువైతే ఆ సంగతి వీధి చివర మందుల దుకాణందాకా తెలిసిపోయేది. ఆయన భార్య ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఆవిడ మితభాషి అని చుట్టుపక్కల మంచి పేరు. పాపం, నోరు విప్పడానికి సందు దొరకనివాళ్ళంతా మితభాషులే.

వెనకగదిలో అక్క ఉండేది. భర్త పోయాక తమ్ముడి పంచన చేరింది. ఆవిడతోపాటు ఒక రేకు పెట్టె, ఒక పేము కుర్చీ, దిండంత మందంగా ఉన్న పవిత్ర గ్రంథం ఆ ఇంటికొచ్చాయి. రోజూ పొద్దున్నే ఆ కుర్చీలో కూర్చుని, అక్షరాల కింద వేలు పెట్టి పైకి చదివేది. చూపు అంతంతమాత్రం. కళ్ళజోడు మార్పించమంటే, ఇన్నాళ్ళూ దీంతోనే దేవుడు అర్థమయ్యాడు కదా అనేది. అందుచేత ఆవిడ చదువులో కాపరి కాస్తా కాపురం అయ్యేవాడు, గొర్రెలు గొలుసులయ్యేవి. పెరట్లో గడ్డం గీసుకుంటున్న తమ్ముడు అక్కణ్ణుంచే, "గొలుసులు కాదక్కా, గొర్రెలు" అని ఇల్లు అదిరేలా దిద్దేవాడు. అంతే తప్ప, ఆ గొర్రెలు ఎవరివో, ఎందుకు తప్పిపోయాయో ఆయన ఒక్కనాడూ చెవిని పెట్టలేదు. ఆయన దృష్టిలో గ్రంథమంటే అక్క తప్పు చదవడానికీ, తాను దిద్దడానికీ పనికొచ్చే పుస్తకం.

అలాంటి మనిషికి గొంతు బొంగురుపోవడం మొదలైంది.

మొదట చల్లనీళ్ళను తిట్టాడు. తర్వాత గదిలో ఫ్యానును తిట్టాడు. కొత్తగా బిగించిన మైకే మంచిది కాదని పాతది తెప్పించాడు. పాతదాంట్లో కూడా గొంతు ఇనుప కుర్చీని గచ్చు మీద ఈడ్చినట్టే వచ్చింది. చివరికి ఒకనాడు, ఆయన చెప్పింది ఇంకొకలా వినబడి, పోటీకి బయల్దేరిన ఫుట్‌బాల్ జట్టొకటి బూట్లతో, బంతులతో సహా తప్పుడు బస్సెక్కి కొండల్లోకి వెళ్ళిపోయింది. అవతలి జట్టు ఆడకుండానే గెలిచిందని తెలిశాక డిపో మేనేజరు ఆయన్ను పిలిచి, ఇక మైకు ముట్టుకునే ముందు గొంతు డాక్టరును కలిసి రమ్మన్నాడు.

డాక్టరు చిన్న వయసు పిల్ల, మాట మాత్రం కత్తి. గొంతులోకి సన్నటి గొట్టం దించి చూసి, స్వరతంతువు మీద ఏదో కాయలా పెరిగిందనీ, కోసి తీసి పరీక్షకు పంపాలనీ చెప్పింది. ఆపరేషను తర్వాత తాను చెప్పేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదంది. గుసగుసగా కూడా వద్దా అని ఆయన అడిగాడు. గుసగుస అరుపుకన్నా చెడ్డదని ఆమె చెప్పింది. పోనీ కూనిరాగం తియ్యొచ్చా అన్నాడు. ఊఁ కొట్టడం సంగతేమిటన్నాడు. నిద్రలో వచ్చే మాటలకు ఎవరు బాధ్యులన్నాడు.

"మీరు ఇంతసేపు మాట్లాడిందే ఎక్కువైపోయింది. నోరు మూసుకుని లోపలికి పదండి" అందామె.

ఆపరేషను అయింది. పరీక్షకు పంపిన ముక్క గురించి మాత్రం తేలలేదు. ఇదమిత్థంగా చెప్పలేకపోతున్నాం, ఇంకొకసారి కోసి చూడాలన్నారు. ఆ జబ్బు పేరేమిటో అందరికీ తెలుసు, ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. మందుల దుకాణం వాడు కూడా ఆ పేరు వచ్చేచోట దగ్గి ఊరుకునేవాడు.

మౌనం మొదలయ్యాక ఆయనకొక పలక కొనిచ్చారు. పలకతో వచ్చిన చిక్కేమిటంటే, మాట ఎంత వేగమో రాత అంత నిదానం. ఆయన ఒక వాక్యం పూర్తిచేసి పలక పైకెత్తేసరికి సంభాషణ రెండు వీధులు దాటి వెళ్ళిపోయేది. పొద్దున కాఫీలో పంచదార ఎక్కువైందని రాస్తే, ఆ పలకను భార్య మధ్యాహ్నం చూసి, భోజనం తర్వాత కాఫీ ఏమిటండీ అని విసుక్కునేది.

ఇల్లు నిశ్శబ్దమయ్యాక మొదట్లో భార్య ఏమీ తోచనట్టు తిరిగింది. మిషను ఆపి, ఏదో వినబడుతుందని కాసేపు చూసి, మళ్ళీ తొక్కేది. తర్వాత మెల్లగా ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. ఇన్నేళ్ళుగా దాచుకున్నవన్నీ ఒక వరసలో బయటికొచ్చాయి. మంచం ఆ గోడవైపు ఉండటం తనకు మొదటినుంచీ ఇష్టం లేదు. ఆయన మెచ్చుకుని కొన్న ఆకుపచ్చ తెరలు చూస్తే తనకు ఆస్పత్రి గుర్తుకొస్తుంది. ఆయన చెప్పే ఆ పాత జోకు, డ్రైవరు బస్సును ఇంట్లో మర్చిపోయినది, పెళ్ళయిన మొదటి వారంలోనే తనకు నవ్వు రాలేదు. మైకు నోరు తెరిచి, వెంటనే మూసుకుని, పలక కోసం తడుముకునేవాడు. ఆయన రాసేలోపు ఆవిడ తెరలు మార్చేసింది.

ఇక పరామర్శకు వచ్చేవాళ్ళు. మాట్లాడలేని రోగి దొరకడం పరామర్శించేవాళ్ళకు పెద్ద అదృష్టం. కండక్టరు స్నేహితుడొచ్చి, తన పెదనాన్నకు ఇలాగే అయిందని మొదలుపెట్టి, కథ ఎటు పోతోందో మధ్యలో గుర్తొచ్చి, పెదనాన్నను అక్కడే వదిలేసి లేచాడు. మందుల దుకాణం వాడు వచ్చినప్పుడల్లా, అంతా దైవేచ్ఛ అని ఒక నిట్టూర్పు విడిచి, తెచ్చిన మాత్రలు బల్ల మీద పెట్టి వెళ్ళేవాడు.

అందరిలోకీ ముఖ్యుడు భార్య అన్నయ్య. బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాడు. కూర్చున్నా నిలబడ్డట్టే ఉంటాడు. ఆయన ఏ మంచి పుస్తకం చదివినా అందులోంచి ఆజ్ఞలు మాత్రమే ఏరుకుంటాడు. గ్రంథంలో ధైర్యం గురించి, ఓర్పు గురించి, చిరునవ్వు గురించి ఉన్న మాటలన్నీ కంఠస్థం చేసి, రోజు విడిచి రోజు సాయంత్రం వచ్చి బావగారి ముందు ఒక్కొక్కటే కవాతు చేయించేవాడు.

ఒక సాయంత్రం ఆయన, దేవుడు ఎవరిని ఎక్కువగా ప్రేమిస్తాడో వాళ్ళనే ఎక్కువగా పరీక్షిస్తాడని చెప్పి, దానికి నాలుగు ఉదాహరణలు కూడా ఇచ్చాడు. మైకు పలక తీసుకుని, నుదుటి మీద నరం ఉబికేలా రాయసాగాడు. ఆయన రాస్తుండగా డ్రిల్లు మాస్టారు ఆ విషయం ముగించి, బావగారంటే తనకు మొదటినుంచీ ఎంత ప్రేమో చెప్పుకొచ్చాడు. సరిగ్గా అప్పుడు పలక పైకి లేచింది. దాని మీద, "కొంచెం తక్కువగా ప్రేమించమని చెప్పండి" అని ఉంది.

డ్రిల్లు మాస్టారు దాన్ని చదివాడు. చెప్పులేసుకున్నాడు. వారం పాటు ఆ గడప తొక్కలేదు. చెల్లెలు వెళ్ళి, అది మీ గురించి కాదన్నయ్యా, దేవుడి గురించి అని సర్దిచెబితే, దేవుడి గురించి అయితే ఇంకా తప్పు అన్నాడట.

రెండో ఆపరేషను అయ్యాక మైకు బాగా డీలాపడిపోయాడు. ఫలితం రావడానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుందన్నారు. ఫలితం ఎలా ఉన్నా, గొంతు మునుపటిలా వస్తుందని మాటివ్వలేనని డాక్టరు చెప్పింది. ఆస్పత్రినుంచి వస్తూ బస్టాండు మీదుగా వచ్చారు. అద్దాల గదికి తాళం వేసి ఉంది. ఎక్కడో పెట్టెలోంచి ఒక ఆడగొంతు, తేనె పూసినట్టు, రాని బస్సును వస్తోందని చెబుతోంది. బెంచీల మీద జనం నిద్రపోతున్నారు. ఎవరూ లేవలేదు. ఆయన, భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ ఆ దారంతా ఏమీ మాట్లాడలేదు.

ఆ తర్వాత ఆయన పలక ముట్టుకోవడం మానేశాడు. అన్నం కెలికి లేచేవాడు. పెరట్లో మెట్టు మీద గోడవైపు తిరిగి కూర్చునేవాడు. గోడ మీద ఏమీ లేదు, సున్నం తప్ప. తాను పోతానేమో అన్న భయం ఒకవైపు, గొంతు లేకుండా బతకాలేమో అన్న భయం ఇంకోవైపు. రెండింటిలో ఏది పెద్దదో ఆయనకే తెలిసేది కాదు. దేవుడి సంగతి తలపుకొస్తే, ఇన్నేళ్ళు తన గోల విని విని విసుగెత్తి ఆయనే మీట నొక్కి ఆపేశాడేమో అనిపించేది.

అలా కూర్చుని ఉండగా ఒక పొద్దున వెనకగదిలోంచి అక్క చదువు వినబడింది. గొలుసులు తప్పిపోయాయి, కాపురం వెతకబోయింది. మైకు నోరు తెరిచాడు. గొంతు వాడొద్దని గుర్తొచ్చింది. లోపలే ఆ తప్పు చేపముల్లులా గుచ్చుకుంది. పక్కనే ఉన్న చెంబు తీసుకుని గోడ మీద ఠంగుమని కొట్టాడు.

చదువు ఆగింది. కాసేపటికి అక్క తలుపు దగ్గరికొచ్చింది. "ఏంటి తమ్ముడూ, మళ్ళీ గొలుసులన్నానా?"

ఆయన తలూపాడు. అక్క మొహం వికసించింది. ఈ ఇంట్లో ఇన్నాళ్ళుగా చచ్చిపోయినట్టున్నది ఏదో తిరిగి కదిలిందనుకుంది కాబోలు. వెంటనే వెళ్ళి గ్రంథం పట్టుకొచ్చి, మెట్టు మీద ఆయన పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఇకమీదట తాను చదువుతాననీ, ఆయన వేలు పెట్టి దారి చూపించాలనీ ఒప్పందం చేసుకుంది.

రోజూ అలా సాగింది. తప్పు వచ్చినప్పుడల్లా ఆయన వేలు ఆ అక్షరం మీద రెండుసార్లు పొడిచేది, ఆవిడ వెనక్కి వచ్చేది. దిద్దాలంటే చూడాలి, చూస్తే చదవాలి. మొట్టమొదటిసారి మైకు ఆ గొర్రెల కథ మొదటినుంచి చివరిదాకా విన్నాడు. బాగానే ఉందనిపించింది. కానీ అదంతా సుఖంగా ఉన్నవాళ్ళ కోసం రాసినట్టుంది, తనకు తగల్లేదు.

ఒకరోజు పేజీలు తిప్పుతుంటే నడుమ ఒక బొత్తిని అక్క ఒకేసారి అవతలికి తోసేసింది. ఆయన వెనక్కి తోశాడు. ఆ కాగితాలన్నిటినీ కలిపి ఒక క్లిప్పు పెట్టి ఉంది. తుప్పు పట్టి కాగితానికి అతుక్కుపోయింది. ఏమిటిదని చేత్తో అడిగాడు.

"అవి ఏడుపు పేజీలురా. ఇంట్లో అవి చదివితే అరిష్టమని మా ఆయన క్లిప్పు పెట్టారు. ఆయన పెట్టింది నేనెందుకు తియ్యాలి?"

మైకు లేచి లోపలికి వెళ్ళాడు. భార్య మిషను మీద ఉన్న చిన్న కత్తెర పట్టుకొచ్చి, క్లిప్పును మెల్లగా పెకిలించాడు. కాగితం మీద గోధుమరంగు మచ్చ మిగిలింది. అక్క, పోయిన భర్త ఎక్కడ వింటాడో అన్నట్టు ఒకసారి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చదవసాగింది.

అవి పాటలు. ఎవడో, పేరు కూడా లేదు, జబ్బుతో పడి ఉన్నాడు. ఒంట్లో ఎముకలన్నీ లెక్కకొస్తున్నాయంటాడు. చూడటానికి వచ్చినవాళ్ళు మంచం దగ్గర ఒకలా, వీధిలోకి వెళ్ళాక ఒకలా మాట్లాడుతున్నారంటాడు. ఆ మాటకు మైకు కనుబొమలు పైకి లేచాయి. అంతటితో ఆగలేదు. ఆ మనిషి నేరుగా దేవుణ్ణే పట్టుకున్నాడు. పిలిచి పిలిచి నోరు ఎండిపోయింది, పడుకున్నావా ఏమిటి అని అడిగాడు. నన్ను చూడకుండా మొహం ఎందుకు తిప్పుకున్నావని నిలదీశాడు. నేను మట్టిలో కలిసిపోతే నిన్ను పొగిడేదెవరు, మట్టా, అని దెప్పాడు.

అక్క ఠక్కున ఆగిపోయింది. "తప్పు చదివానా?"

మైకు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. అక్షరాలు అవే.

"దేవుడితో ఇలా కూడా మాట్లాడొచ్చా? అదీ ఆయన పుస్తకంలోనే?"

చదవమన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు. ఆవిడ చదివింది. కొన్నాళ్ళుగా మైకు కడుపులో కుక్కుకుని ఉన్నవన్నీ, రాయడానికి పలక చాలనివన్నీ, ఎవరో ఎప్పుడో తన తరఫున అరిచి పెట్టినట్టు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆయన కళ్ళలోంచి నీళ్ళు జారి పుస్తకం మీద పడ్డాయి. అక్క కంగారుపడి, ఏడుపు పేజీలని ముందే చెప్పానుగా అంటూ మూయబోయింది. ఆయన మూయనివ్వలేదు.

పాట చివరికొచ్చేసరికి ఒక వింత జరిగింది. అంతసేపు తిట్టిన మనిషి, ఉన్నట్టుండి, అయినా నేను నీ కోసమే చూస్తుంటాను, మళ్ళీ నీ ముందు పాడతాను అన్నాడు. మైకు వేలు పెట్టి వెనక్కి వెళ్ళాడు. ఈ మధ్యలో ఏం జరిగింది? జబ్బు తగ్గిందా? తగ్గలేదు. ఆకాశంనుంచి జవాబు వచ్చిందా? రాలేదు. రెండు వరసల నడుమ తెల్లకాగితం తప్ప ఏమీ లేదు. అదే మంచం, అవే ఎముకలు. మనిషి మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

మైకు చాలాసేపు ఆ తెల్లకాగితం కేసి చూశాడు. తాను అద్దాల గదిలో కూర్చున్న సంవత్సరాలన్నీ గుర్తొచ్చాయి. ఏ ప్రయాణికుడూ వెనక్కి తిరిగి, విన్నానండీ అని చెప్పిన పాపాన పోలేదు. అయినా ఎవరో ఒకరు వింటున్నారన్న విషయంలో తనకెప్పుడూ అనుమానం లేదు. ఉంటే ఆ మైకు ముందు ఒక్క పూట కూడా కూర్చోగలిగేవాడు కాదు. ఆయన లేచి, మూలన పడేసిన పలక తెచ్చి, దుమ్ము దులిపి రాశాడు.

"వినేవాడు లేకపోతే ఎవడూ ఇంతసేపు తిట్టడు."

అక్క దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని కూడబలుక్కుని చదివింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. తర్వాత ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని, "మా ఆయన పోయినప్పుడు నాకిది ఎవరైనా చదివి పెట్టి ఉంటే బావుండేదిరా. వచ్చినవాళ్ళంతా ఆ గొర్రెల సంగతే చదివారు" అంది.

ఆ పూట మైకు అన్నం అడిగి పెట్టించుకున్నాడు. కూరలో ఉప్పు తక్కువైందని పలక మీద రాస్తే, భార్య అది చూసి మొహం అటు తిప్పుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఉప్పు మాత్రం వెయ్యలేదు.

ఆరోజునుంచి ఆ ఇంట్లో ఏడుపు పేజీలకు గిరాకీ పెరిగింది. భార్య మిషను ముందుగదినుంచి వరండాలోకి జరిపి, కాలు ఆపి వినేది. కొన్నిచోట్ల ఇంకా గట్టిగా అడగాల్సిందనేది. మైకు ఆ పాటల్లో తనకు నచ్చిన తిట్లకు పక్కన పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాడు. భయం పోయిందా అంటే పోలేదు. తెల్లవారగానే మంచం మీద ఆయనకన్నా ముందు అదే లేచేది. కానీ ఇదివరకు దాంతో ఒక్కడే కూర్చునేవాడు. ఇప్పుడు దాన్ని వెంటబెట్టుకెళ్ళి ఎక్కడ అప్పగించాలో తెలిసింది.

డ్రిల్లు మాస్టారు అలక తీరి మళ్ళీ వచ్చాడు. నిటారుగా కూర్చుని, చిరునవ్వు గురించి కొత్తగా పట్టుకొచ్చిన మాట ఎత్తుకోబోయాడు. మైకు చెయ్యి అడ్డం పెట్టి, అక్కకు సైగ చేశాడు. అక్క ఒక పాట చదివింది. అందులో మనిషి, పైకప్పు మీద ఒంటరిగా వాలిన పిట్టలా ఉన్నానని మొత్తుకుంటాడు. ఆవిడ పిట్టను పిడత అని చదివినా భావం చెడలేదు.

డ్రిల్లు మాస్టారు మొదట, ఇది నిజంగా గ్రంథంలో ఉందా అని పేజీ తిప్పి చూశాడు. భుజాలు కొంచెం జారాయి. ఆయన భుజాలు జారడం ఆ ఇంట్లో ఎవరూ ఎరుగరు.

"రిటైరయ్యాక కూడా నేను పొద్దున్నే బడి మైదానానికి వెళ్తాను, బావగారూ" అన్నాడు చివరికి. "ఎవరూ రాకముందే. ఈల వేస్తాను. ఎవరూ నిలబడరు. ఇంటికొచ్చేస్తాను."

ఎవరూ ఓదార్చలేదు. మైకుకు చెప్పడానికి గొంతు లేదు, మిగతా ఇద్దరికీ మాట తోచలేదు. అదే మంచిదైంది. కాసేపటికి ఆయన, ఆ పిట్ట పాట ఇంకోసారి చదవమ్మా అన్నాడు. వెళ్ళేటప్పుడు, మీకు నా మీద కోపం లేదుగా అని బావగారిని అడిగాడు. మైకు పలక మీద, "కొంచెం ఎక్కువగానే ప్రేమించండి" అని రాసి చూపించాడు. ఈసారి సమయానికే అందింది.

పరీక్ష ఫలితం వచ్చింది. భయపడినది కాదు. డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు మైకు ఆనందంతో అరవబోయాడు, ఆమె రెండు చేతులతో ఆయన నోరు మూసింది. ఇంకొన్ని వారాలు మౌనం పాటించాక, ఒకనాడు తన ఎదుట కూర్చోబెట్టుకుని, ఇక ఒక మాట అనండి అంది. ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఇన్నాళ్ళ తర్వాత మొదటి మాట, తక్కువదై ఉండకూడదు కదా. చివరికి నోరు తెరిస్తే, "అమ్మా" అన్నట్టు ఒక బొంగురు శబ్దం, తడిసిన అట్టపెట్టెను చింపినట్టు వచ్చింది. అంతే వస్తుందనీ, కాస్త మెరుగుపడొచ్చు గానీ మైకు ముందు కూర్చునే గొంతు ఇక తిరిగి రాదనీ డాక్టరు చెప్పింది. ఆయన ఆ రోజు ఇంటికెళ్ళి గీతలు పెట్టుకున్న తిట్లన్నీ వరసగా తన సొంత గొంతుతో చదివాడు. గొంతు సగమే ఉన్నా పూర్తిగా చదివాడు. తర్వాత స్నానం చేసి పడుకున్నాడు.

డిపో మేనేజరు ఆయనకు విచారణ కిటికీ దగ్గర కుర్చీ ఇచ్చాడు. ఇప్పుడు ప్రయాణికులు ఆయన మాట వినాలంటే చెవి కిటికీకి ఆనించాలి. మొదట్లో ఆయనకు సిగ్గుగా ఉండేది. తర్వాత ఒక సంగతి గమనించాడు. అంత దగ్గరికి వచ్చినవాళ్ళు బస్సు సంగతి ఒక్కటే అడిగి పోరు. తమ్ముడికి ఒంట్లో బాగాలేక వెళ్తున్నామనో, ఉద్యోగం పోయి తిరిగొస్తున్నామనో ఒక మాట వదిలి వెళ్తారు. ఆయన వెంటనే జవాబివ్వడు. వినడం కొత్తగా నేర్చుకున్నవాడు, అందులో ఇంకా మొహమాటం పోలేదు.

సెలవు రోజున మాత్రం అక్క గ్రంథం చంకన పెట్టుకుని ఆస్పత్రికి వెళ్తాడు. గొంతు జబ్బుల వార్డులో మాట్లాడకూడనివాళ్ళ దగ్గర కూర్చోమని డాక్టరే అడిగింది. ఒక షరతు పెట్టింది, ఎక్కువ మాట్లాడొద్దని. ఆయనా ఒక షరతు పెట్టుకున్నాడు, ఎవరికీ ధైర్యం చెప్పకూడదని.

ఒకసారి ఆ వార్డులోకి చేపల మార్కెట్లో వేలంపాట పాడే మనిషి వచ్చాడు. గుమ్మడికాయంత తల, మెడకు కట్టు, మొహం నిండా కోపం. వచ్చిన రోజే ప్రార్థన చేస్తామన్న వాళ్ళను చేత్తోనే తరిమేశాడట. మైకు చేతిలో పుస్తకం చూడగానే దుప్పటి తలమీదికి లాక్కున్నాడు. మైకు స్టూలు లాక్కుని కూర్చుని, గీతలున్నచోట తెరిచి, ఆ బొంగురు గొంతుతో చదువుకుంటూ పోయాడు. పడుకున్నావా ఏమిటని దేవుణ్ణి అడిగేచోటికి వచ్చేసరికి దుప్పటి కొంచెం కిందికి జారింది. ఒక కన్ను బయటికొచ్చింది. మట్టి నిన్ను పొగుడుతుందా అన్నచోట రెండో కన్ను కూడా వచ్చింది. పాట అయిపోయాక ఆ మనిషి లేచి కూర్చుని, దిండు కింద కాగితం తీసి, పెద్ద పెద్ద అక్షరాలతో గబగబా రాసి చూపించాడు.

"ఇది రాసినాయన ఏ వార్డులో ఉన్నాడు?"

మైకు ఆ కాగితం కేసి చూశాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. అడిగినవాడు నిజంగానే అడిగాడు.

"డిశ్చార్జి అయి వెళ్ళిపోయాడు" అన్నాడు.

వేలంపాటవాడు కాసేపు ఆలోచించి, తృప్తిపడినట్టు తలూపి, దిండు సర్దుకుని వెనక్కి ఆనుకున్నాడు. తర్వాతి పేజీ తిప్పమని వేలితో చూపించాడు.